వెలిసిన బంపర్లూ, మెరుపు పిచ్చి మనుషులూ

కారు ప్లాస్టిక్కును నల్లగా ఉంచడం కూడా ఒక ఉద్యోగమేనా అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే కార్ల పని అనేవాణ్ణి. మెకానిక్కా అనేవారు. కాదంటే డ్రైవరా అనేవారు. అదీ కాదంటే నా ముఖంలోకి ఒకసారి చూసి, భోజనాలు మొదలయ్యాయేమో కనుక్కోవడానికి వెళ్ళిపోయేవారు. ఢిల్లీలో నా సర్వీసంతా ఆ పనిలోనే గడిచింది. రిటైరయ్యాక కూడా ఎక్కడైనా పార్కింగులో వెలిసిపోయిన బంపర్ కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు, వేలితో ఒకసారి గీరి చూస్తాను. సెక్యూరిటీవాడు వచ్చి పొమ్మంటాడు.

ఇప్పుడు ఈ పనికి డీటెయిలింగ్ అని పెద్ద పేరు వచ్చింది. ఏసీ గదులు, తెల్లటి లైట్లు, నల్ల టీషర్టులు. కొత్తగా ఇందులో చేరిన మనవాళ్ళు కొందరు చర్చి దగ్గర పట్టుకుని, అంకుల్ ఏమైనా టిప్స్ చెప్పండి అంటారు. టిప్స్ అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. సీసా మీద రాసి ఉన్నది చదువుకుంటే టిప్స్ వచ్చేస్తాయి. సీసా మీద రాయనిది మనుషుల గురించి. నన్ను సతాయించింది ప్లాస్టిక్కు కాదు, మనుషులే.

ఇందులోకి ఎలా వచ్చి పడ్డానంటే

మాది నరసాపురం దగ్గర పల్లె. బెజవాడ ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేసేవాణ్ణి. నా భార్య రూతుకు ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. మా చర్చివాళ్ళలో ఇది మామూలే. ముందు ఆడమనిషి ఉద్యోగానికి వెళ్తుంది, వెనకాల మొగుడు ట్రంకుపెట్టె మోసుకుంటూ వెళ్తాడు. నేనూ అలాగే వెళ్ళాను. సరోజినీ నగర్‌లో ఒక గవర్నమెంటు క్వార్టరు వెనక గది అద్దెకు తీసుకున్నాం.

వసంత్ కుంజ్ దగ్గర వర్క్‌షాపు నడిపే బత్రా సాబ్ దగ్గరికి పని అడగడానికి వెళ్ళాను. లారీ వెనకాల నెమలి బొమ్మ వేయగలనని గొప్పగా చెప్పుకున్నాను. నెమళ్ళు వద్దుగానీ ఈ బంపర్ నల్లగా చేసి చూపించు అన్నాడాయన. ఆ బంపర్‌తో మొదలై మళ్ళీ నెమలి మొహం చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో కార్లకు రంగు వేయని నల్ల ప్లాస్టిక్కు చాలా ఉండేది. బంపర్లు, తలుపుల పక్కన పట్టీలు, హ్యాండిళ్ళు, సైడు అద్దాల తొడుగులు, ముందు అద్దం కింద వైపర్లు కూర్చునే వెడల్పాటి పట్టీ. షోరూం నుంచి వచ్చినప్పుడు ఇవన్నీ బొగ్గు రంగులో గరుగ్గా, మెరుపు లేకుండా ఉంటాయి. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి బూడిద రంగుకు తిరుగుతాయి. ఇంజను గుర్రంలా ఉన్నా సరే, బంపర్ వెలిసిందంటే చూసేవాడి లెక్కలో అది ముసలి బండి. ఈ ఒక్క మాట మీదే మా పని నడిచేది.

ఎండ ఒక్కటే చేసిన పాపం కాదు

ప్లాస్టిక్కు ఎండకు వెలుస్తుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. కానీ ఎండ చేసేది సగం, మనుషులు చేసేది సగం. ఢిల్లీలో రాత్రికి రాత్రి బండి మీద ఎడారి దుమ్ము పరుచుకుంటుంది. తెల్లారగానే కాలనీలో బండ్లు తుడిచేవాడు వచ్చి, నీళ్ళు చల్లకుండా ఎండు గుడ్డతో పటపటా కొడతాడు. అదే గుడ్డతో ఇరవై బండ్లు కొడతాడు. ఆ దుమ్ము గరుకు ప్లాస్టిక్కు సందుల్లోకి ఇసుక కాగితంలా దిగుతుంది. బట్టలుతికే సబ్బుపొడి బకెట్టులో కలిపి కడిగేవాళ్ళు ఇంకొందరు. చొక్కాకు మంచిదైతే కారుకు చెడ్డదెలా అవుతుందని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు. ఆయన యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. నేను వాదించలేక ఆయన బంపర్‌నే చూపించాను. ఆయన అది కంపెనీ లోపం అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి మనం నాలుగో కాలు చూపించలేం.

ఇక వైద్యాలు చూడండి. వెలిసిన ప్లాస్టిక్కుకు డీజిలు రాస్తారు. కాలిన ఇంజనాయిలు రాస్తారు. బూటు పాలిష్ రాస్తారు. ఏది రాసినా ఆ పూటకు నల్లగానే ఉంటుంది, అదే వచ్చిన చిక్కు. నాలుగు రోజులకు ఆ జిడ్డు మీద దుమ్ము కూర్చుని అట్ట కడుతుంది, కింద ప్లాస్టిక్కు ఇంకా తెల్లబడుతుంది. మొదటి వాన పడగానే బూటు పాలిష్ కారి తలుపు మీద చారలు పడతాయి. అప్పుడు మా దగ్గరికి తెచ్చి, గంటలో అయిపోతుందా అని అడుగుతారు.

కారుకు మైనం పాలిష్ పట్టేవాళ్ళ నిర్లక్ష్యం ఇంకొకటి. పక్కన నల్ల పట్టీకి టేపు అతికించి ఆ తర్వాత పాలిష్ పట్టాలి. టేపు అతికించడానికి బద్ధకం. మైనం ఆ గరుకులోకి పోయి తెల్లగా ఎండుతుంది, ఇక ఎంత రుద్దినా రాదు. నా కింద పనిచేసిన ప్రతివాడికీ ఇది చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ తెల్ల మరకలు తీయడానికి నేను పిల్లలు బడికి తీసుకెళ్ళే రబ్బరు కొనుక్కొచ్చి రుద్దేవాణ్ణి. అది చూసి బత్రా సాబ్, జోసఫ్ భాయ్ హోంవర్క్ చేస్తున్నాడు అని నవ్వేవాడు.

బత్రా సాబ్ చమక్

బత్రా సాబ్ చెడ్డవాడు కాదు. పండక్కి అందరికీ బట్టలు పెట్టేవాడు, రూతుకు ఆపరేషన్ అయినప్పుడు తన కారు ఇచ్చి పంపాడు. కానీ ఆయనకు ఒక పిచ్చి ఉండేది. బండి షాపు నుంచి బయటికి వెళ్ళేటప్పుడు మెరవాలి. నల్లదీ మెరవాలి, తెల్లదీ మెరవాలి, టైరూ మెరవాలి. సిలికాన్ నూనె క్యాన్లకు క్యాన్లు తెప్పించేవాడు. ప్లాస్టిక్కు మెరవకూడదు సాబ్, కంపెనీవాళ్ళు దాన్ని మెరవకుండా కావాలనే చేస్తారు అని నేను ఎన్నిసార్లు చెప్పానో. కస్టమర్ చమక్, అంటే ఆ మెరుపు, చూసే వస్తాడు అనేవాడు. పైన పటారం లోన లొటారం అనే మాటను హిందీలోకి ఎలా తిప్పాలో తెలియక నోరు మూసుకునేవాణ్ణి.

ఒక దీపావళికి ఫుల్ చమక్ అని కొత్త స్కీము పెట్టాడు. లోపలా బయటా ఎక్కడ నలుపు కనిపిస్తే అక్కడ సిలికాన్. డ్యాష్‌బోర్డు మీద రాశారు. ఎండలో అది ముందు అద్దంలో ప్రతిబింబించి, నడిపేవాడికి రోడ్డుకు బదులు డ్యాష్‌బోర్డే కనిపిస్తుంది. స్టీరింగుకు రాశారు. ఆఖరికి బ్రేకు పెడలు మీద రబ్బరుకు కూడా రాశారు, అది కూడా నల్లగానే ఉంది కదా మరి. వసంత్ కుంజ్ నుంచి వచ్చిన ఒక ఆంటీ బండి తీసుకుని వెళ్ళింది. తన కాలనీ గేటు దగ్గర బ్రేకు మీద చెప్పు జారి గేటు స్తంభాన్ని గుద్దింది. ఆమెకు దెబ్బ తగల్లేదు, దేవుడి దయ.

ఆమె తిరిగి వచ్చి నిలదీస్తే, బత్రా సాబ్ ఆమెకు మంచినీళ్ళిచ్చి, కొత్త బంపర్‌కు చమక్ ఉచితం అన్నాడు. నేను అక్కడే గుడ్డ విసిరేసి బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాను. ఆ సాయంత్రం ఒక్కటే మాట చెప్పాను. పెడళ్ళకూ స్టీరింగుకూ డ్యాష్‌బోర్డుకూ ఆ నూనె ముట్టిస్తే నేను ఆటోనగర్ పోతానన్నాను. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి లోపల సిలికాన్ ఆగిపోయింది, బయట మాత్రం సాగింది.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదే. కస్టమర్‌తోనైనా యజమానితోనైనా అన్నిటికీ పోట్లాడితే మీ నోరే నొప్పెడుతుంది. మనిషి ప్రాణం మీదికి వచ్చేచోట మాత్రం ఒక్క అంగుళం తగ్గకండి. మిగతా చోట్ల విసుక్కోండి, పని చేయండి.

అసలు పని ఏమిటి

అసలు పనిలో మంత్రం ఏమీ లేదు, ఓపిక కావాలి. ముందు పాత జిడ్డు మొత్తం తీయాలి. గాఢత తగ్గించిన క్లీనరు, మెత్తని బ్రష్షు, నీళ్ళు, మళ్ళీ బ్రష్షు, మళ్ళీ నీళ్ళు. నురుగు తెల్లగా వచ్చేదాకా. తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. సందుల్లో ఒక్క చుక్క నీరున్నా అక్కడ రంగు పట్టదు. ఆ పైన స్పిరిటుతో తుడిచి, ప్లాస్టిక్కుకు పట్టే నల్ల రంగు మందును పలచగా పూయాలి. మందంగా పూస్తే పెచ్చులు లేస్తుంది. ఆ తర్వాత ఒక రోజంతా నీళ్ళూ వేళ్ళూ నూనే తగలకుండా ఉంచాలి. ఈ ఆఖరి మాట దగ్గరే అందరూ దెబ్బతింటారు.

హీట్ గన్‌తో వేడి చేస్తే ప్లాస్టిక్కులోని నలుపు పైకి వస్తుంది, నిజమే. చేతకానివాడి చేతిలో బంపర్ కూడా కిందికి వస్తుంది. బత్రా సాబ్ ఒకసారి సరదాపడి తానే పట్టుకున్నాడు, మూల కరిగి జారింది. ఆ బండి ఆయన బావమరిదిదే కాబట్టి గొడవ ఇంట్లోనే అయిపోయింది.

ఏసుపాదం బండి

ఇన్నేళ్ళలో నన్ను అన్నిటికన్నా విసిగించిన బండి ఏసుపాదానిది. భీమవరం వైపు కుర్రాడు. అతని భార్య సలోమి, రూతు పనిచేసే ఆసుపత్రిలోనే క్యాజువాల్టీలో నర్సు. మా వీధికి రెండు వీధుల అవతల వాళ్ళూ ఒక క్వార్టరు వెనక గదిలో ఉండేవారు. నన్ను ఇద్దరూ అన్నయ్యగారూ అనేవారు. ఏసుపాదం ఫైనాన్స్ మీద ఒక పెద్ద బండి కొని, గుర్‌గావ్‌లో ఒక కాల్ సెంటర్‌కు రాత్రిపూట ఉద్యోగులను దించే పనికి పెట్టాడు. గురుగ్రామ్ అనే పేరు అప్పటికింకా రాలేదు. చీకటి పడ్డాక హైవే ఎక్కితే తెల్లారి ఇంటికొచ్చి పడుకునేవాడు.

ఆ కంపెనీవాళ్ళు ఏటా బండ్లు చూసి కాంట్రాక్టు పొడిగించేవారు. చూసేవాడు ఒక ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు. ఇంజను బానెట్టు ఎత్తడు, టైరు తన్ని చూడడు. బంపర్ దగ్గరికి వచ్చి నల్లగా ఉందా లేదా చూస్తాడు. విదేశీ క్లయింట్లు వస్తారు, ముసలి బండ్లు కనిపించకూడదు అంటాడు. డ్రైవర్ల బూటు పాలిష్ సంగతి అతనికి తెలుసు కాబట్టి, బంపర్ మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దుతాడు. వేలికి నలుపు అంటితే బండి పోయినట్టే. ఏసుపాదం వెళ్ళిన మొదటిసారి ఆ వేలికి నలుపు అంటింది. నెలాఖరు సోమవారం ఇంకొక్కసారి తీసుకురా, అదే ఆఖరు అన్నాడట.

కాంట్రాక్టు పోతే ఫైనాన్స్‌వాళ్ళు బండి లాక్కుపోతారు. ఏసుపాదం మళ్ళీ ఇంకొకడి టాక్సీ తోలుకోవాలి. ఈ సంగతి చెప్పి అతను నా చేతులు పట్టుకున్నాడు. ముందు బూటు పాలిష్ రాసినందుకు నాలుగు తిట్టి, తర్వాత పనికి కూర్చున్నాను. జిడ్డు తీయడానికే ఒక పూట పట్టింది. ఎన్ని రకాల నూనెలు తాగిందో ఆ బంపర్. రంగు పూసి, ఒక రోజు ట్రిప్పులు మానుకుని బండిని ఇంటి దగ్గర నీడలో పెట్టుకోమన్నాను, ఎవరినీ ముట్టుకోనివ్వద్దన్నాను.

మూడు రోజులకే వచ్చాడు. బంపర్ మధ్యలో ఒక చోట, అద్దం కింద పట్టీ మీద డ్రైవరు వైపు ఒక చోట, డ్రైవరు తలుపు హ్యాండిలు మీద ఒక చోట రంగు లేచిపోయింది. మిగతా బండి అంతా చక్కగా నల్లగా ఉంది. దుమ్ము తుడుస్తుంటే గుడ్డతోపాటు వచ్చేసిందన్నాడు. ఎవరైనా ముట్టుకున్నారా అంటే ఎవరూ లేదన్నయ్యగారూ అన్నాడు. మందు కల్తీదనుకుని కశ్మీరీ గేట్ మార్కెట్‌కు వెళ్ళి, అమ్మినవాడితో నడివీధిలో పోట్లాడాను. వాడు ఇంకో సీసా ఇచ్చి, నీ చెయ్యే కల్తీ అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చేశాను. మళ్ళీ అవే మూడు చోట్ల లేచింది. బత్రా సాబ్ వచ్చి చూసి, సిలికాన్ కొట్టి పంపెయ్యి అన్నాడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

శుక్రవారం సాయంత్రం ఆ మచ్చల మీద తెల్ల గుడ్డ పెట్టి రుద్ది, వాసన చూశాను. ఆలివ్ నూనె. కాలనీలో కార్లు తుడిచేవాడు ఆలివ్ నూనె వాడడు. మా చర్చిలో ప్రార్థన చేసి ఇంటింటికీ పంచే నూనె అది. మా ఇంట్లో బైబిలు పక్కనే ఒక సీసా ఉంటుంది. నాకు విషయం సగం అర్థమైంది.

క్వార్టరు వెనక

శనివారం పొద్దున్నే స్కూటరు తీసుకుని వాళ్ళ క్వార్టరు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఏసుపాదం అప్పటికే ట్రిప్పు నుంచి వచ్చి పడుకున్నాడు. సలోమి తెల్ల యూనిఫాం మీద స్వెట్టరు వేసుకుని డ్యూటీకి బయల్దేరింది. సంచిలోంచి ఇంజెక్షను మందు వచ్చే చిన్న సీసా ఒకటి తీసింది, దాన్ని కడిగి అందులో నూనె పోసి పెట్టుకున్నట్టుంది. వేలు ముంచి బంపర్ మధ్యలో సిలువ వేసింది. అద్దం కింద పట్టీ మీద, అతని సీటుకు ఎదురుగా ఇంకొకటి. హ్యాండిలు మీద ఇంకొకటి. కళ్ళు మూసుకుని హ్యాండిలు పట్టుకుని నిలబడింది.

ప్రార్థన అయ్యేదాకా ఆగాను. అంత కోపంలోనూ అది మధ్యలో ఆపబుద్ధి కాలేదు. కళ్ళు తెరిచి నన్ను చూసి సీసా కొంగులో దాచుకోబోయింది, యూనిఫాంకు కొంగెక్కడిది.

"ఏం పనమ్మా ఇది? రెండుసార్లు రంగేశాను. ఆరకముందే నువ్వు నూనె రాత్తే అది నిలుత్తదా?" అన్నాను.

రంగు సంగతి తనకు తెలియదంది. ఏసుపాదానికి ఈ నూనె సంగతే తెలియదంది. సోమవారం ఏం జరగబోతోందో, ఆ సూపర్‌వైజరు బొటనవేలు ఏమిటో అంతా నేనే వివరించాను. విని, సీసా మూత బిగించి సంచిలో పెట్టుకుంది.

"నేను క్యాజువాల్టీలో చేత్తానండి అన్నయ్యగారూ," అంది. "హైవే మీద దెబ్బలు తగిలినోళ్ళని మా దగ్గరికే తెత్తారు. డ్యూటీలోకి ఎళ్ళగానే ముందు బెడ్లన్నీ చూసుకుంటానండి, ఎవరెవరున్నారో. ఆయన ఇంట్లో పడుకున్నాడని తెల్సు. నేనే గొళ్ళెం పెట్టి వత్తాను. అయినా చూసుకుంటాను."

"సరేనమ్మా. కానీ సోమవారం ఇది పాసవకపోతే బండి పోద్ది," అన్నాను.

"పోతే పోనివ్వండి. పగలు టాక్సీ తోలుకుంటాడు. మనిషుంటాడు కదండీ."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఆమె మీద మాత్రం కాదు. నేను రెండు వారాలుగా ఆ బండి నల్లగా ఉండాలని చస్తున్నాను, బత్రా సాబ్ అది మెరవాలంటాడు, సూపర్‌వైజరు అది కొత్తగా కనిపించాలంటాడు, ఫైనాన్స్‌వాడు నెలనెలా కిస్తీ కనిపించాలంటాడు. అందులో కూర్చుని నడిపేవాడి గురించి ఆలోచించింది ఈమె ఒక్కతే. ఆమె వేలే మా పనంతా చెడగొట్టింది.

"బండికెందుకు రాత్తావమ్మా? అది ఇనుమూ ప్లాస్టిక్కూ. మనిషికే రాయి," అన్నాను.

"రాయనివ్వడండి. మొదట్లో నుదుటికి రాత్తే స్టాండులో డ్రైవర్లు నవ్వారంట. తుడిచేసుకున్నాడు. అప్పట్నుంచి బండికి రాత్తన్నా."

ఇక ఊరుకోలేక గొళ్ళెం తీసి, తలుపు కొట్టి ఏసుపాదాన్ని లేపాను. లుంగీతో కళ్ళు నలుపుకుంటూ వచ్చాడు. ఆమె ఎదురుగానే మొత్తం చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. బంపర్ మీద ఆ మచ్చను చూస్తూ, రోజూనా అని మాత్రం అడిగాడు. రోజూ అంది ఆమె. నాకు చెప్పొచ్చు కదా అన్నాడు. చెప్తే మానెయ్యమంటావు అంది. డ్యూటీకి వేళవుతోందని బస్సు కోసం వెళ్ళిపోయింది. అతను లోపలికెళ్ళి బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సోమవారం

ఆ బండిని బత్రా సాబ్ షెడ్డులోనే పెట్టించాను. శనివారం మూడోసారి రంగు పూశాను. ఆదివారమంతా షెడ్డుకు తాళం. బత్రా సాబ్ చమక్ కొడతాడేమోనని తాళంచెవి నా జేబులోనే పెట్టుకుని చర్చికి వెళ్ళాను. ఆ ఆదివారం ప్రసంగం ఏమిటో నాకు గుర్తు లేదు, చెయ్యి జేబు మీదే ఉంది.

సోమవారం పొద్దున ఏసుపాదం షెడ్డుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, నుదుటి మధ్య వేలెడు మేర నూనె మెరుస్తోంది. బండి తాళం అతని చేతిలో పెట్టాను. బండి గుర్‌గావ్ దాకా నేనూ ఎక్కాను. దారిలో ఒకసారి అద్దంలో తన ముఖం చూసుకుని, చెయ్యి నుదుటి దాకా తీసుకెళ్ళి మళ్ళీ గేరు మీదికి తెచ్చుకున్నాడు.

ఆ పార్కింగులో బండ్లన్నీ వరసగా నిలబెట్టారు. డ్రైవర్లు బండ్ల పక్కన నిలబడ్డారు. సూపర్‌వైజరు ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. మా ముందు బండి బంపర్ మీద వేలు రుద్ది, నల్లబడ్డ వేలు ఆ డ్రైవరుకే చూపించి తీసుకెళ్ళమన్నాడు. మా బంపర్ మధ్యలో, సరిగ్గా ఆ సిలువ చోటనే బొటనవేలు పెట్టాడు. గట్టిగా రుద్దాడు. వేలు తిప్పి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది. అద్దం కింద రుద్దాడు, హ్యాండిలు రుద్దాడు. తర్వాత ఏసుపాదం ముఖంలోకి చూశాడు.

"మాథే పే క్యా లగా రఖా హై?" అన్నాడు.

నుదుటి మీద ఏమిటది అని. పక్కన డ్రైవర్లు ముఖాలు తిప్పి చూశారు. ఒకడు నవ్వాడు. అబద్ధం చెప్పి తుడిచేసుకుంటాడనుకున్నాను, ఆ క్షణంలో నేనైనా అదే చేసేవాణ్ణి.

"మేరీ ఘర్‌వాలీ లగాతీ హై, సాబ్," అన్నాడు ఏసుపాదం. మా ఇంటావిడ రాస్తుంది అని. "రోజ్ లగాతీ హై."

సూపర్‌వైజరు ఠీక్ హై అని అద్దం మీద పాసైనట్టు స్టిక్కరు అతికించి తర్వాతి బండికి వెళ్ళిపోయాడు. ఏసుపాదం స్టీరింగు దగ్గర కూర్చుని, బండి స్టార్టు చేయకుండా చాలాసేపు ఉండిపోయాడు. నేనూ తొందర పెట్టలేదు.

ఆ బండి చాలా ఏళ్ళు నడిచింది. నేను రిటైరయ్యేదాకా ఏటా ఒకసారి తెచ్చి రంగు పూయించుకున్నాడు. ఆ మూడు చోట్ల మళ్ళీ ఎన్నడూ లేవలేదు. సాయంత్రం ట్రిప్పుకు వెళ్ళేటప్పుడు నుదుటి మీద నూనెతోనే వెళ్ళేవాడని, స్టాండులో నవ్వడం మానేశారని తర్వాత తెలిసింది.

సలోమి మాత్రం డ్యూటీలోకి వెళ్ళగానే ఇప్పటికీ ముందు బెడ్లన్నీ ఒకసారి చూసుకుంటుందని రూతు చెప్తుంది.